విరిగిన తలకట్టు

ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది డిసెంబరుకి నాకు పంతొమ్మిదేళ్లు. ఇంటర్ అయిపోయి ఇంట్లోనే ఉంటున్నాను. విశాఖపట్నంలో పాతపోస్టాఫీసు వెనక సందులో మా ఇల్లు. నాన్న శ్రీరామ్మూర్తి రేవు దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా. అమ్మ కనకరత్నం. పెళ్లయిన కొత్తలో గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయారు ఇద్దరూ. వాళ్లకి నేనొక్కదాన్నే.

ఆ చలికాలం కొత్త సంవత్సరం కార్డులు నా చేత్తో చేసి తెలిసినవాళ్లందరికీ ఇవ్వాలని బుద్ధి పుట్టింది నాకు. డ్రాయింగు కాగితం మడిచి, అలల నురుగు ఉండాల్సిన చోట ముందుగా కొవ్వొత్తి ముక్కతో రుద్దేదాన్ని. తర్వాత కాగితమంతా తడిపి, ఆ తడి మీదే నీలంలో చుక్క నలుపు కలిపి వదిలితే రంగు దానంతటదే పాకేది. మైనం రుద్దిన చోట మాత్రం అంటుకోకుండా తెల్లగా మిగిలేది. యారాడ కొండ వేసి, ఆరకముందే దూదితో అద్ది రంగు లాగేస్తే కొండ నడుముకి మంచు పట్టినట్టు వచ్చేది. ఆకాశం మీద చిటికెడు ఉప్పు చల్లి, ఆరాక దులిపేస్తే ఉప్పు పడ్డ చోటల్లా తెల్లటి చుక్కలు. ఆఖర్న పడవ బొమ్మ అచ్చు, దాని కింద అక్షరాల అచ్చు.

పడవ అచ్చు జిలానీ బాషాగారు చెక్కి ఇచ్చింది. కురుపాం మార్కెట్టు దగ్గర ఆయన కొట్టు. ఆఫీసులకి రబ్బరు ముద్రలు, సరుకు పెట్టెల మీద వేసే చెక్క అచ్చులు చేసేవారు. ఎనిమిదో తరగతి సెలవుల నుంచీ నేను అక్కడికి వెళ్లి కూర్చునేదాన్ని. "అక్షరాన్ని అద్దంలో చూసినట్టు చూడాల బేటీ. చెయ్యి తిరగడం కాదు, కన్ను తిరగాల" అనేవారు.

అక్షరాలు మాత్రం నావే. పాత హవాయి చెప్పుల రబ్బరు మీద బ్లేడుతో ఒక్కో అక్షరం చెక్కి, చిన్న చెక్కముక్కకి అంటించాను. ప్రతి కార్డు మీదా ఎవరి పేరు వాళ్లకి అచ్చు వేసి ఇవ్వాలన్న పిచ్చితో అక్షరమాల మొత్తం చేశాను. గుణింతాల గుర్తులు వేరే. నూటపాతిక ముక్కలయ్యాయి, ఒక బిస్కట్ల డబ్బాడు. 'ర' చెక్కేటప్పుడు బ్లేడు జారి, అచ్చులో ఎడమవైపు వచ్చే తలకట్టు కొస తెగింది. మళ్లీ చెక్కడానికి బద్ధకించాను. 'సంవత్సర'లో ఉంది ర, ఎవరి పేరు చివరైనా పెట్టే 'గారు'లో ఉంది. ప్రతి కార్డు మీదా ఆ తలకట్టు విరిగే ఉంది.

మొత్తం ముప్పై చేద్దామనుకున్నాను. పండగ దాకా ఆగలేక, తొమ్మిది పూర్తవగానే చుట్టుపక్కల పంచేశాను.

డిసెంబరు మధ్యలో ఒక ఉదయం సీతాలు వచ్చింది. జాలరిపేట నుంచి రోజూ మా సందుకి చేపలు తెచ్చే మనిషి. దాని మొగుడు అప్పలసూరి రేవులో కళాసీ. నవంబరు మొదట్లో పోలీసులు వచ్చి అతన్నీ, ఇంకో నలుగురు కళాసీలనీ తీసుకుపోయారు. కూలి మాటేదో గట్టిగా అడిగారట. ఎక్కడ పెట్టారో, ఉన్నారో లేదో, నలభై రోజులైనా ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్లు అయిదుగురూ రోజూ నాన్న ఆఫీసు గేటు ముందు నిలబడేవారు. నాన్న వాళ్లని తప్పించుకోవడానికి వెనక దారిన వెళ్లేవారని అమ్మ చెప్పింది.

సీతాలు గంప దింపలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, బొడ్డులోంచి మడత కాగితం తీసింది.

"బవానమ్మా, ఇది సూడు. తెల్లారగట్ల మా పేట గోడకి అంటించేసినారు ఎవులో. ఏటి రాసుందో సెప్పు. ఇంకెవుల్నీ అడగనేను, బయ్యం."

అరచెయ్యంత కాగితం. అయిదుగురి పేర్లు, ఒకదాని కింద ఒకటి అచ్చు వేసి ఉన్నాయి. కింద రెండు వరసలు. అయిదుగురూ బతికే ఉన్నారు. ఫలానా ఊరి జైల్లో ఉన్నారు. అంతే.

"బతికే ఉన్నాడు సీతాలూ" అన్నాను.

అది చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఊగింది. "ఎవులు రాసినారో గానీ అమ్మా, ఆల కడుపు సల్లగుండ. నాను ఆ ఊరెల్తాను. నడిసైనా ఎల్తాను" అని, కాగితం నా చేతిలోంచి తీసుకుని మళ్లీ బొడ్డులో దోపుకుంది.

కాగితం చేతిలో ఉన్నంతసేపూ నేను దాని మొహం చూడలేదు. 'ఉన్నారు'లో ర తలకట్టు ఎడమ కొస విరిగి ఉంది.

అది వెళ్లాక తలుపు గడియపెట్టి డబ్బా తెరిచాను. నా అక్షరాలు వరసగా ఉండేవి. ఇప్పుడు కలగలిసిపోయి ఉన్నాయి. నేను వాడేది నీలం, ఎరుపు సిరాలే. అక్షరాల సందుల్లో, కడిగినా పోని నలుపు కనిపించింది.

మధ్యాహ్నం నాన్న భోజనానికి వచ్చారు. మా నాన్న ఎలాంటి మనిషంటే, నలుగురు గుమిగూడి మాట్లాడుకుంటుంటే వీధి అవతలి పక్కకి మారిపోయేవారు. అమ్మ సరుకుల ధరల గురించి గొంతు పెంచితే "మెల్లిగా" అనేవారు. పీట మీద కూర్చుని అన్నం కలుపుతుంటే ఆ చేతి వంకే చూశాను. బొటనవేలి గోటి అంచున సన్నగా నల్లటి గీత. ఆయన నా చూపు గమనించారు. వేలు ముద్దలోకి మడిచేశారు.

"పులుసు బాగుంది" అన్నారు అమ్మతో.

నేను ఇంకో గరిటె పులుసు వడ్డించాను.

నేను పంచిన కార్డులు తొమ్మిది ఇళ్లలో ఉన్నాయి. ఎవరైనా ఆ కాగితాన్నీ ఈ కార్డునీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. "రంగు గట్టిపడలేదండీ, వెలిసిపోతుంది, ఇంకొకటి చేసి ఇస్తాను" అని ఇంటింటికీ అదే మాట. ఒకావిడ ఫ్రేము కట్టిస్తానని ఇవ్వనంది. నవ్వుతూ బతిమాలాను. సాయంత్రానికి ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోది సందు చివర కొండలరావు ఇంట్లో ఉంది. ఆయన హెడ్డు కానిస్టేబులు. ఆయన భార్య పద్మావతి అమ్మకి స్నేహితురాలు.

ఆయన డ్యూటీలో ఉంటాడనుకుని వెళ్లాను. బనీనుతో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కార్డు రేడియో మీద నిలబెట్టి ఉంది.

"ఏటి భవానీ, ఇలాగొచ్చినావు?"

చెప్పాను. ఆయన లేచి కార్డు చేతిలోకి తీసుకున్నాడు. ఇవ్వలేదు. వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నాడు.

"వెలిసిపోనేదే. బాగానే ఉంది. ఈ తెల్ల సుక్కలు ఎలాగేసినావు?"

"ఉప్పు చల్లానండి."

"ఉప్పా!" అని పద్మావతిగారి వైపు చూసి నవ్వాడు. తర్వాత బొమ్మ కింద వేలు పెట్టాడు. "ఈ అచ్చరాలో? ఇవెవులు సెక్కినారు?"

ఆ ప్రశ్న మామూలుగా అడిగాడో, కావాలని అడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు. నా బుర్రలో ఉన్నది నాన్న గోటి అంచున నల్లగీత ఒక్కటే. నేను కాదనాలి, మా ఇల్లు కాదనాలి.

"బాషాగారు" అన్నాను.

"మార్కెట్టుకాడ బాషాయా?"

తల ఊపాను. ఆయన కార్డు నా చేతికి ఇచ్చేశాడు. "కొత్తది తొందరగా తే" అన్నాడు.

కార్డులన్నీ నీళ్లపొయ్యిలో పెట్టి కాల్చేశాను. రబ్బరు కాలిస్తే సందంతా వాసన వస్తుంది కాబట్టి అక్షరాలు పాతగుడ్డలో మూటకట్టుకుని, మర్నాడు పొద్దున్నే సముద్రానికి వెళ్లాను. మనుషులు లేని చోటు చూసి గుప్పెళ్లతో విసిరాను. అలతో లోపలికి వెళ్లాయి. తర్వాతి అలతో తిరిగి నా కాళ్ల దగ్గరికే వచ్చాయి. చెక్కా, రబ్బరూ, రెండూ తేలేవేనని నాకు తట్టనేలేదు. అ అంటే అమ్మ, ఇ అంటే ఇల్లు, క అంటే కళ్లు అనుకుంటూ నేను ముద్దుగా చెక్కుకున్న అక్షరాలన్నీ తడి ఇసకలో ఎటుపడితే అటు పడి ఉన్నాయి. దూరంగా వలలు బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తి చూశాడు. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కొక్కటే ఏరుకున్నాను. రాయి పెట్టి మూట బిగించి, రాతి గట్టు చివరికి నడిచి అక్కణ్ణుంచి విసిరాను. మూట మునిగాక కూడా చాలాసేపు నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాను. లెక్కపెట్టుకోలేదు. ఒకటో రెండో ఇసకలో మిగిలిపోయి ఉంటాయన్న భయం నెలల తరబడి వదల్లేదు.

బుధవారం జిలానీ బాషాగారిని కొట్లోంచి తీసుకుపోయారు. పాలవాడు చెప్పాడు. పనిముట్లన్నీ గోనెసంచిలో పోసి, ఆయన్ని జీపెక్కించారట.

మూడు రోజులు నేను అన్నం సరిగ్గా తినలేదు. అమ్మ నుదురు ముట్టుకుని చూసి "జొరం లేదే" అంది. వీధిలో బూటు చప్పుడైతే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆయన్ని వదిలేస్తారు, ఆయనకేం తెలియదు కదా, వదిలేస్తారు అని నాకు నేను చెప్పుకునేదాన్ని. నేను నోరు విప్పితే నాన్న పోతారు. నాన్న నాతో మాట్లాడటం మానేశారు. నేనూ ఆయన కళ్లలోకి చూడటం మానేశాను. ఒక్క ఇంట్లో తిరుగుతూ గోడల్లా మసులుకున్నాం.

శనివారం సాయంత్రం జన్నత్ బీ వచ్చింది, బాషాగారి భార్య. బురఖా ముసుగు పైకి తీసి, గడప దగ్గరే కూర్చుంది. నాన్న లోపలి గదిలో ఉన్నారు.

"బేటీ, పెద్దాఫీసరుకి అర్జీ రాసిపెట్టాల. మా వాళ్లలో తెలుగు రాసేవాళ్లున్నారు గానీ, ఎవరూ చెయ్యి పెట్టట్లేదు. భయపడుతున్నారు."

కాగితం, పెన్ను తెచ్చుకున్నాను. నా భర్త ఏ తప్పూ చేయలేదు అని ఆమె చెప్తుంటే నేను రాశాను.

"నిన్న చూడనిచ్చారు. చేతి వేళ్లు వాచిపోయి ఉన్నాయి" అంది. "ఎవరికి చెక్కిచ్చావో చెప్పమని అడుగుతున్నారంట. ఇది నా పని కాదు, నా చెయ్యి ఇలా పోదు అన్నాడంట. మరి ఎవరి చెయ్యి అంటే, తెలీదు అన్నాడంట." కొంచెం ఆగింది. "నేను గూడా అడిగాను. నలభై ఏళ్ల నుంచి చేస్తున్నావు, ఎవరి పని ఏదో ముద్ర చూసి చెప్తావు, నీకు తెలీదా అని. గోడ వైపు తిరిగాడు."

నా పెన్ను ఆగిపోయింది. ఆయనకి తెలుసు. ఒక్క అక్షరం చూడగానే తెలిసిపోయి ఉంటుంది.

"రాయి బేటీ" అంది జన్నత్ బీ. "మా ఆయనకి బీపీ ఉంది, అది గూడా రాయి."

ఆమె వెళ్లాక లోపలి గదిలో నాన్న మంచం కిర్రుమంది. ఆయన బయటికి రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అమ్మ పక్కింట్లో ఉండగా, నాన్న ఒక పాత చెప్పు, కొత్త బ్లేడు పట్టుకుని నా దగ్గరికి వచ్చి చాప మీద కూర్చున్నారు.

"నాకు ర చెక్కడం నేర్పు" అన్నారు.

"ఎందుకు నాన్నా?"

"నేర్పమ్మా."

ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది. అలాంటి మనిషికి తిరగేసిన ర రాయడం రాలేదు. పెన్సిలుతో గీసి ఇచ్చాను. బ్లేడు ఎలా వాల్చాలో, బ్లేడుని తిప్పకుండా రబ్బరునే ఎలా తిప్పాలో చూపించాను. మొదటిది మధ్యకి తెగింది. రెండోదానికి వేలు కోసుకున్నారు. నీళ్లతో కడిగి గుడ్డ చుట్టాను. మళ్లీ బ్లేడు పట్టుకున్నారు.

"టైపు చేస్తే మిషను పట్టిస్తుంది. రాస్తే చెయ్యి పట్టిస్తుంది" అన్నారు, తల ఎత్తకుండా. "అచ్చుకి చెయ్యి ఉండదనుకున్నాను. నీ దాకా వస్తుందనుకోలేదు."

నేను చాప మీద రాలిన రబ్బరు ముక్కలు ఏరాను.

"వాళ్లని ఎక్కడ పెట్టారో రాసిన ఆఫీసు కాగితం నా బల్ల మీదుగా వెళ్లింది. గేటు దగ్గర ఆ ఆడవాళ్లు. రోజూ వెనక దారిన వెళ్లేవాణ్ణి. ఒకరోజు ఆ వెనక దారిలో కూడా నిలబడింది ఒకావిడ, చంటిపిల్లతో. ఏవీ అడగలేదు. ఊరికే చూసింది."

అయిదోది కుదిరింది. వంకరగా ఉన్నా ర అని తెలుస్తోంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకున్నారు. తర్వాత మామూలు గొంతుతో అడిగారు.

"తలకట్టు ఎక్కడ విరిగింది?"

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. బ్లేడు అందుకుని, ఎక్కడ తెగాలో చూపించాను. ఇంకేం చెయ్యగలను. ఆయన వేలితో ఆ చోటుని తడిమి, "ఇక్కడ" అనుకున్నారు రెండుసార్లు, పాఠం బట్టీ పడుతున్నట్టు.

సోమవారం పొద్దున్న నాన్న ఆఫీసు చొక్కా వేసుకున్నారు. ఆఫీసు వేళ ఇంకా కాలేదు. అమ్మ టిఫిను డబ్బాతో పాటు దుప్పటీ, మఫ్లరూ, నాన్న రోజూ వేసుకునే బీపీ మాత్రలూ సంచిలో సర్దింది. ఆమెకి ఎప్పుడు తెలిసిందో, ఎంత తెలిసిందో నేనెప్పుడూ అడగలేదు.

"సాయంత్రానికి వస్తారా?" అంది.

"ఆలస్యం కావచ్చు."

నేను గుమ్మంలో ఉన్నాను. నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు. గుడ్డ చుట్టిన వేలు నా మెడకి తగిలింది. "ఎవరైనా అడిగితే, నీకు బొమ్మలు వెయ్యడం ఒక్కటే వచ్చు" అన్నారు. సందు మధ్యలోంచి, అందరూ చూస్తుండగా నడిచి వెళ్లారు.

ఆయన మళ్లీ మా ఇంటికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. డెబ్భై ఏడు ఫిబ్రవరిలో వచ్చారు, సగం మనిషై. ఉద్యోగం రావడానికి ఇంకో ఏడాది. ఈలోగా అమ్మ అప్పడాలు వత్తింది, నేను పిల్లలకి బొమ్మలు నేర్పాను. సీతాలు మాత్రం అప్పలసూరిని చూసి వచ్చింది. ఊచల అవతల నిలబడి నవ్వాడట, పళ్లు రెండు లేవట. ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు మా నాన్న ఎక్కడున్నారో దానికి తెలిసిపోయింది. మా గుమ్మంలో కూర్చుని, గంప మొత్తం దింపేసి, డబ్బులు తీసుకోకుండా వెళ్లిపోయింది.

కానీ నేను చెప్పాల్సింది ఆ డిసెంబరు ముప్పై ఒకటిన జరిగింది. ఆ రోజు జిలానీ బాషాగారు మా ఇంటికి వచ్చారు. నాన్న వెళ్లిన రెండో రోజే ఆయన్ని వదిలేశారు. కుర్చీలో కూర్చున్నారు. అమ్మ ఇచ్చిన టీ గ్లాసు రెండు అరచేతులతో పట్టుకున్నారు. వేళ్లు ఇంకా వంగటం లేదు.

"మూర్తిగారు అక్షరాలన్నీ నేనే చెక్కాను, నేనే అచ్చువేశాను అన్నారు" అని చెప్పారు. "ఆఫీసరు నమ్మలా. బ్లేడు, రబ్బరు ముందు పెట్టి చెక్కమన్నాడు. చెక్కారు. ముద్ర వేశారు. నన్ను పిలిపించి, ఆ కాగితం పక్కన ఈ కాగితం పెట్టి, ఇదే చెయ్యా అని అడిగారు."

"సరిగ్గా వచ్చిందా?" అన్నాను.

"విరుపు కుడిపక్క వచ్చింది. రబ్బరు మీద ఎడమపక్క కోసేశారు, భయంలో. కన్ను తిరగలా."

అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

"మరి మీరేమన్నారు?"

"కాదంటే మీ నాన్న ఇంటికొస్తారు. వాళ్లు ఇంకా ఎవరినో వెతుక్కుంటూ పోతారు." టీ ఒక గుక్క తాగారు. "మీ నాన్న నా కళ్లలోకే చూస్తున్నారు. అవును సార్, ఇదే చెయ్యి అన్నాను. రాసుకున్నారు, నాతో సంతకం పెట్టించుకున్నారు."

రెండు వారాలుగా లోపల దాచుకున్న మాట అప్పటికి గానీ బయటికి రాలేదు.

"కొండలరావుగారికి మీ పేరు చెప్పింది నేనేనండీ."

"తెలుసు" అన్నారాయన. "మొదటిరోజే చెప్పాడు."

గ్లాసు కింద పెట్టబోతే వేళ్లు పట్టు తప్పాయి. నేను వంగి అందుకున్నాను. ఆయన లేచి, టోపీ సర్దుకుని, అమ్మ వైపు తిరిగారు.

"మూర్తిగారిని చూడ్డానికి ములాఖత్ శుక్రవారం ఇస్తారంట అమ్మా. అంత దూరం ఆడవాళ్లు ఒక్కళ్లే ఎట్లా వెళ్తారు? ఆ పొద్దున్న బండికి నేను స్టేషనుకొస్తాను."